ఒక్క లాగుకే

మధ్యాహ్నం మూడింటికి, రిపేరు షాపులో. బల్ల మీద గడ్డి కోసే పెట్రోలు మిషను. దానికి అటు మెకానిక్కు, ఇటు అతనికి పని నేర్పిన మేస్త్రి భార్య.

"ఒక్క లాగుకే స్టార్టవ్వాలి అబ్బాయ్. రెండోసారి తాడు లాగే పని ఉండకూడదు. అంతే నేనడిగేది."

"అవుతుందమ్మా, ముందు కూర్చోండి. ఇంత బరువు మీరు మోసుకొచ్చారా? మేస్త్రిగారికి చెబితే..."

"చెప్పకు. నేనిక్కడికి వచ్చినట్టే చెప్పకు. ఆయన కునుకు తీసి లేచేలోపు ఇది మెట్ల కింద ఉండాలి."

"ఆయనకి తెలియకుండా ఆయన మిషను విప్పడమా? పులి నోట్లో తల పెట్టమంటున్నారు."

"వారం నించీ, రోజూ మధ్యాహ్నం నిద్ర లేచి ఇదే పని. పది లాగులు, పదిహేను, ఇరవై. నేను వంటింటి కిటికీలో నిలబడి లెక్కపెడుతున్నాను. ఒక్కో లాగుకీ నా పై ప్రాణాలు పైనే పోతున్నాయి."

"అంత భయం ఎందుకమ్మా? గడ్డి మిషనేగా."

"నువ్వు పని చూడు."

"చూస్తున్నాను. గాలి ఫిల్టరు కడిగి ఆరబెట్టారు. పెట్రోల్లో ఆయిలు పాళ్లు సరిగ్గానే ఉన్నాయి, వాసనే చెబుతోంది. కార్బొరేటరు అద్దంలా ఉంది. పొగ గొట్టంలో మసి కూడా లేదు... పోయిన నెల మేస్త్రిగారు ఆసుపత్రికి వెళ్లారటగా?"

"ఊరికే. చెకప్పు."

"చెకప్పుకి మూడు రోజులు ఉంచుకుంటారా?"

"ఉంచుకుంటారు. చెయ్యి ఎందుకాపావు?"

"మీరు చెప్పండి ముందు."

"గుండె సగమే పనిచేస్తోందట. ఏదీ గట్టిగా లాగకూడదు, ఎత్తకూడదు. ఇంకోసారి నొప్పి వస్తే ఆసుపత్రి దాకా కూడా రాలేరన్నాడు డాక్టరు. నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆయనకి నేను గ్యాసని చెప్పాను."

"గ్యాసనా? నమ్మారా?"

"నమ్మారు. నవ్వారు కూడా. నిజం చెబితే ఆ భయానికే పోతారు. మిషను దాచేస్తే ఎందుకని అడుగుతారు. లాగొద్దంటే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పను? నాకు చచ్చేంత భయంగా ఉంది. స్టార్టయిందంటే గడ్డి నేనే కోస్తానని లాక్కుంటాను. ఆ లాగడం ఒక్కటి తప్పించు, చాలు."

"అమ్మా... ఈ స్పార్కు ప్లగ్గు వేళ్లతోనే ఊడొచ్చింది."

"అంటే?"

"రెంచితో బిగించాల్సింది. వదులుగా ఉంటే లోపల గాలి నిలవదు, తాడు నూలు దారంలా వచ్చేస్తుంది. ఇదిగో, మీరే లాగి చూడండి. ఒంటి వేలితో."

"బరువే లేదు."

"ఇరవై కాదు, వంద లాగినా ఆయన గుండెకి తెలియదు."

"బిగించడం మర్చిపోయారా?"

"ఆయనా? ప్లగ్గు సరిగ్గా బిగించలేదని నాకు మొట్టికాయలు వేసిన మనిషి. ఇంకోటి చూడండి. ఇక్కడ, ప్లగ్గు కొస దగ్గర, గోరు మందం సందుండాలి. నిప్పురవ్వ పుట్టేది అందులోనే. సందు లేదు. ఎవరో గీత కూడా పడకుండా నొక్కి మూసేశారు. ఇలా మూసే చెయ్యి నాకు తెలుసు."

"తన మిషను తనే చెడగొట్టుకున్నారా? ఎందుకు?"

"నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక పెద్దాయన వచ్చేవాడు. చేతులు వణికేవి. మిషను పట్టాలంటే భయం, ఇంట్లో చెప్పుకోలేడు. మేస్త్రిగారు ఇలాగే సందు మూసి పంపేవారు. ఎందుకన్నాను. 'భయమేస్తోందని మనిషి చేత చెప్పించకూడదురా, నెపం మిషను మీదకి తోసెయ్యాలి' అన్నారు."

"భయమా? ఆయనకి దేనికి? నేను గ్యాసని కదా..."

"అమ్మా."

"లాగి లాగి కిటికీ వైపు చూసి నవ్వేవారు. 'ముసలిది మొండికేసిందే' అని."

"మిమ్మల్నే చూసి?"

"నన్నే చూసి. డాక్టరు మాట ఆయనకి తెలుసన్నమాట."

"నీళ్లు తాగండమ్మా. కొత్త ప్లగ్గు వేస్తాను, ఒక్క లాగుకే..."

"వద్దు. ఆ సందు ఎలా ఉందో అలాగే ఉంచు. ప్లగ్గు వదులుగానే పెట్టు. తొందరగా కానియ్యి నాయనా, ఆయన లేచే వేళైంది. నేను కిటికీలో లేకపోతే ఆయన ఎవరి కోసం లాగుతారు?"