లోవమ్మ నల్లతీగని అడిగిన మాట

లోవమ్మని ఒకామె ఉండేదంట, పీతలు పట్టుకుని బతికే మనిషి. మొగుడి పేరు బైరాగి. ఓ ఏడు వేట సాగక మూడు రోజులు పొయ్యి వెలగలేదనుకో, అప్పుడు బైరాగి అన్నాడంట, సముద్రం పక్కన ఉప్పునీళ్ళ మడ అడవిలో నల్లతీగుంది గదా, నరికి దంచి మడుగులో కలిపితే చేపలు మత్తెక్కి తేల్తాయి, పద అని. ఆ అడవి మొత్తానికి ఆ తీగ ఒక్కటే. మనిషి తొడంత లావు, నీళ్ళలోంచి లేచి నాలుగు చెట్ల మీదికి పాకి ఉంటదంట. దాని జోలికి ఎవరూ ఎళ్ళరు. ఎందుకంటారా? సముద్రంలో పోయి శవం దొరకనోళ్ళని అది దాచుకుంటదంట. లోవమ్మ నాయన పోలయ్య కూడా పదకొండేళ్ళ కిందట అలా పోయినోడే. వద్దయ్యా అందంట. "ఆకలి ఊరుకుంటదా?" అని కత్తి పట్టుకుని బురదలో దిగాడు బైరాగి.

మిట్టమధ్యాన్నం. సముద్రం పాటు మీదుంది, నీళ్ళు వెనక్కి తగ్గున్నాయి. ఒక్క వేటు వేశాడు. ఏమైందంటే, అడవిలో కొంగలూ పిట్టలూ అన్నీ ఒక్కసారే నోరు మూసుకున్నాయంట. రెండో వేటు వెయ్యబోతే కాలు కదల్లేదు. చూస్తే తీగ చీలమండకి చుట్టుకునుంది. ఎప్పుడు చుట్టుకుందో తెలీదు. కోస్తే బిగుస్తంది, లాగితే బిగుస్తంది. ఈలోగా సముద్రం పోటు మొదలై నీళ్ళెక్కుతున్నాయి. మోకాలికొచ్చె, నడుముకొచ్చె, గుండెలకొచ్చె అనుకో. "లోవా, నన్నొదిలి పోమాకే" అంటన్నాడు.

లోవమ్మ మునిగి ఆ కాలు తడిమింది. చేతికి ఇంకో కాలు తగిలిందంట. కండ లేదు, ఎముకే. పైకి తడుముకుంటా ఎళ్తే నడుము కాడ వెండి మొలతాడు, దానికో సొరచేప పన్ను. నాయనదే. చిన్నప్పుడు ఆ పన్ను పట్టుకు ఆడుకున్న పిల్ల, తెలీదా మరి? ఏ ఒడ్డుకి శవం కొట్టుకొచ్చిందన్నా పదకొండేళ్ళూ పరిగెత్తిన మనిషి. ఒక్క లాగు లాగితే మొలతాడన్నా చేతికొస్తది. లాగలేదు. తల పైకెత్తి, తీగ మీద చెయ్యేసి, మెల్లిగా అంది, "మా నాయన్ని నువ్వే ఉంచుకో తల్లీ. ఇంక ఎతకను. ఈయన్నిడిచిపెట్టు."

తీగ సడలిందంట. మనిషెవరో కూచుని విప్పుతున్నట్టు, ఒక్కో చుట్టూ.

ఇద్దరూ ఇల్లు చేరారు. వాకిట్లో లోవమ్మ తల్లి కూచునుంది, నుదుట ఇంత బొట్టు. మొగుడి శవం కళ్ళజూస్తేగానీ తియ్యనని పెట్టుకున్న బొట్టది. "ఏమే, ఒళ్ళంతా ఆ బురదేం?" అనడిగింది. "పీతల కోసం దిగానమ్మా" అందంట లోవమ్మ, చేతిలో ఒక్క పీతా లేకుండానే. ముసల్ది దాని మొహంకేసి చూసి, లేచి పొడి చీర తెచ్చిచ్చింది. నాయన ఆ తీగలో ఉన్నాడన్న మాట లోవమ్మ తల్లికి ఎప్పుడూ చెప్పలేదు, ముసల్ది పోయేనాటికీ ఆ బొట్టు అలాగే ఉంది. లోవమ్మ చేసింది మంచో చెడ్డో నన్నడక్కండి. నేనైనా చెప్పుండేదాన్ని కాదు.