పేరడిగితే రంగు చెప్పాను

ఉండు, ఆ డబ్బా మూత తీసే ముందు ఆ రెండో తలుపు కూడా తియ్యి. బార్లా తియ్యమ్మా, ఓరగా కాదు. ఆఁ, ఇప్పుడు ఆ కుర్చీ ఇలా జరుపు, నేనిక్కడ కూర్చుంటాను. నీకు సాయం చేద్దామని కాదులే, ఈ నడుముతో నేను వంగితే నన్ను లేపడానికి ఇంకో ఇద్దరు కావాలి. ఊరికే కూర్చుని మాట్లాడుతుంటాను, నువ్వు పని చేసుకుంటూ ఊ కొడుతుండు. ఊ కొట్టడం మాత్రం మానకూడదు, అదొక్కటే నా షరతు. ఎందుకంటావేంటి, అదే చెప్పబోతున్నాను. ఆ రంగు తీసే మందు పూసేటప్పుడు కుంచె ఒకవైపే లాగు, అటూ ఇటూ రుద్దకు, అది గోడకి సున్నం కాదు. దట్టంగా పూసేసి, ఆ ప్లాస్టిక్ కవరు కప్పి వదిలెయ్. ఆరనివ్వకూడదు. పాత రంగు దానంతట అదే ముడతలు పడి పైకి లేస్తుంది, అప్పుడు బ్లేడు పెడితే మీగడ తీసినట్టు వచ్చేస్తుంది. తొందరపడి గోకావంటే రేకు మీద గీతలు పడతాయి, ఆ గీతలు కొత్త రంగు వేశాక కూడా నిన్ను వెక్కిరిస్తూనే ఉంటాయి. కారు తలుపు అంచులకి టేపు అంటించావా? ఆ సందుల్లోకి మందు దూరిందంటే ఎంత కడిగినా పోదు, రంగేసిన నెలకి బుడగలై బయటపడుతుంది.

ఇప్పటి డబ్బాల్లో ఆ పాత మందు లేదంటున్నావు, మంచిదే. నువ్వు మూతికి తగిలించుకున్నదీ బాగానే ఉంది, కాకపోతే నీ గొంతు బిందెలోంచి వస్తున్నట్టుంది. మా రోజుల్లో మూతికి చేతిరుమాలు కట్టుకునేవాళ్లం. దానివల్ల జరిగేదేంటంటే, చేతిరుమాలు మాసేది. అంతే. ఆ మందు వాసన చెడ్డగా కూడా ఉండేది కాదు, కాస్త తియ్యగా ఉండేది, అదే దాని దొంగబుద్ధి. దాని ఆవిరి పైకి పోదు, బరువు కదా, కిందికి దిగి గుంటలో నీళ్లలా నిలబడిపోతుంది. కారు డిక్కీలో తలపెట్టి పని చేసేవాడు నీళ్లలో తల పెట్టినట్టే. నీళ్లలో మునిగేవాడికి మునుగుతున్నానని తెలుస్తుంది, వీడికి అదీ తెలీదు.

మేం పని చేసిన షెడ్డులో రంగుల గదీ సీట్ల గదీ పక్కపక్కనే. మధ్యలో గోడ మనిషెత్తు దాకానే ఉండేది, పైనంతా ఖాళీ. ఆ పక్క గదిలో కార్ల సీట్లు కుట్టే ఆవిడ ఉండేది. అందరికీ అక్కే. మా మేస్త్రి ఆవిడకంటే పదేళ్లు పెద్ద, ఆయన కూడా అక్కా అనే పిలిచేవాడు. సన్నగా ఉండేది, పళ్ల మధ్య ఎప్పుడూ రెండు సూదులు. ఆ సూదుల సందులోంచే మాట్లాడేది, ఒక్కసారి గుచ్చుకున్న పాపాన పోలేదు. మాట్లాడేది అంటే ఏదో అనుకునేవు, పొద్దున వచ్చి కూర్చున్న దగ్గర్నుంచి సాయంత్రం తాళం వేసేదాకా నోరు మూతపడేది కాదు. అదీ ఎవరితో, గోడ ఇవతల రంగు గోకే నాతో. నేనేమో నోట్లో నాలుక లేనివాణ్ణి. నవ్వకు, మీ అమ్మమ్మనడుగు, పెళ్లైన మొదటి నెలలో నేను మాట్లాడిందంతా కలిపి ఒక పోస్టుకార్డు మీద రాయొచ్చు. అలాంటివాణ్ణి పట్టుకుని, "ఏమయ్యా, పొద్దున ఏం తిన్నావు?" చెప్పేవాణ్ణి. రెండు నిమిషాలాగి, "ఏమయ్యా, మీ ఆవిడ ఎన్నింటికి లేచింది?" మళ్లీ కాసేపటికి, "ఏమయ్యా, మీ ఇంటివాళ్ల పిల్లి ఈనిందా?" ఆ పిల్లి గొడవ ఆవిడకెందుకు చెప్పు. జవాబు రాకపోతే ఊరుకునేది కాదు, కర్ర స్కేలుతో గోడమీద టకటకా కొట్టేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఇదేదో ఆరాలు తీసే మనిషి అనుకున్నాను. మేస్త్రితో చెప్పాను కూడా, నా పని నన్ను చేసుకోనివ్వమనండి అని. ఆయన చేతులు తుడుచుకుంటూ, "అక్క అడిగితే జవాబు చెప్పు, అది కూడా పనిలో భాగమే" అన్నాడు. ఇంకో ముక్క చెప్పలేదు.

అప్పటికి మీ అమ్మ కడుపులో ఉంది. అంటే మీ అమ్మమ్మ కడుపులో. నాకేమో పసిపిల్లల్ని ఎత్తుకోవడం రాదు, చచ్చేంత భయం. అందుకని ఇంట్లో ఎవరూ చూడకుండా దిండుకి తువ్వాలు చుట్టి, ఎత్తుకుని అటూ ఇటూ తిరిగేవాణ్ణి. ఇదిగో, నవ్వితే చెయ్యి కదులుతుంది, బ్లేడు చూసుకో. ఆవిడ అడగ్గా అడగ్గా ఒకరోజు ఆ మాట నోరు జారాను. టీ తాగే వేళకి షెడ్డంతా తెలిసిపోయింది. ఆవిడ ఒక సీటు దిండు తీసుకుని, నాలాగే మెడ పక్కకి వాల్చి, "ఊరుకో నాన్నా, ఊరుకో" అంటూ నడిచి చూపించింది. వెల్డింగు చేసే అతను నవ్వలేక కడుపు పట్టుకుని కింద కూర్చున్నాడు. ఆ రోజు నుంచి నా పేరు దిండు నాన్న. మర్నాడు నేను మూతి ముడుచుకుని పనిలో దిగాను. ఒక వ్యాను లోపల రంగు తీస్తున్నాను. "ఏమయ్యా" అంది. పలకలేదు. స్కేలుతో కొట్టింది. పలకలేదు. "అబ్బాయ్, ఏమయ్యా" అంది మూడోసారి. ఈసారి గొంతు వేరేగా ఉంది, తెలుస్తూనే ఉంది నాకు. నన్ను నవ్వులపాలు చేసింది కదా, కాసేపు అరవనీ అనుకున్నాను. అంతలో కాళ్లకి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చి వ్యాను తలుపు లాగింది. నేను లోపల నిక్షేపంగా కూర్చుని ఉన్నాను. "మీతో మాట్లాడను" అన్నాను, ఒకటో క్లాసు పిల్లాడిలా. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అక్కడే ఆ తడినేల మీద కూలబడిపోయింది. నోట్లో సూదులు లేవు, దారిలో ఎక్కడ ఉమ్మేసిందో ఏమో.

అప్పుడు చెప్పింది. వాళ్లాయన కూడా నా పనే చేసేవాడట, అదే గదిలో. నాలాగే మాట తక్కువ మనిషి. ఒకరోజు మధ్యాహ్నం ఏదో పెద్ద కారు డిక్కీలో దిగాడు. ఈవిడ గోడ అవతల కుట్టుకుంటోంది. "లోపల చప్పుడు లేకపోతే పనిమీద ఉన్నాడనుకున్నాను అబ్బాయ్. ఎందుకులే కదిలించడం అని, సాయంత్రం దాకా రెండు సీట్లు కుట్టాను." అంతే చెప్పింది. లేచి, చీర దులుపుకుని వెళ్లిపోయింది. ఆ రెండు సీట్లు అన్న మాట ఉంది చూశావూ, ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదమ్మా. ఆ తర్వాత ఆ గదిలో ఎవరు రంగు తీసినా గోడ అవతల నుంచి ఆవిడ ఏదో ఒకటి అడుగుతూనే ఉండేదట, నాకు ముందు పనిచేసిన ఇద్దర్నీ ఇలాగే వేపుకు తిన్నదట. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాటి నుంచి అడక్కపోయినా చెప్పేవాణ్ణి. పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది, ఒకటి నల్లది, ఇంటాయన మెట్లమీద జారిపడ్డాడు, మీ అమ్మమ్మ నా చొక్కాకి వేరే రంగు గుండీ కుట్టింది, ఇలా. ఈ వాగుడు నాకు అబ్బింది అక్కడే. మీ అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది, నోరు విప్పని మనిషిని చేసుకున్నాను, ఆవిడ ఎవరో పాడు చేసి పంపింది అని.

ఏదీ, ఊ అను. ఆఁ. తర్వాత నెలకి ఒక డాక్టరుగారి పాత కారొచ్చింది. పొడుగ్గా, గుడ్లు బయటికొచ్చినట్టు లైట్లు, ఐదు పొరల రంగు. ఎవరో మహానుభావుడు డిక్కీ లోపల కూడా కుంచె పెట్టి కొట్టాడు. బయటంతా రెండు రోజుల్లో తీసేశాను. మూడోరోజు డిక్కీలో దిగాను. ఆ రోజు వాన. మా గదిలోనే ఇంకో కారుకి రంగేసి ఆరబెట్టాం, దానిమీద జల్లు కొడుతోందని వెల్డింగతను వచ్చి షట్టరు దించేశాడు. అతని తప్పేం లేదు, మంచికే దించాడు. నేనూ చూశాను. ఒక్క గంటే కదా అనుకున్నాను. తప్పు నాదే. అక్కకి వాన చప్పుడులో షట్టరు చప్పుడు వినపడలేదు. ఆ తర్వాత జరిగింది నాకు గుర్తులేదు, ఆవిడ చెప్పిందే చెబుతున్నాను. "ఏమయ్యా, మీ ఆవిడ ఎలా ఉంది?" "బాగానే ఉందక్కా." "కాళ్లు వాచాయా?" "కొంచెం." "ఆడపిల్ల పుడితే ఏం పేరు పెడతావు?" నేను తాపీగా, "ఆకుపచ్చ" అన్నానట. ఆవిడ సూది ఆగిపోయింది. "పేరయ్యా, బిడ్డ పేరు." "దాని కింద తెలుపుంది, ఇంకా రెండు పొరలున్నాయి" అన్నానట, నిద్రలో మాట్లాడుతున్నట్టు. ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవాళ్లు. జవాబు వస్తూనే ఉందిగా, మనిషి బాగానే ఉన్నాడనుకునేవాళ్లు. అక్క అలా కాదు, అడిగినదానికే చెబుతున్నానా లేదా అని చూసేది. అన్నేళ్లుగా అందరినీ అడిగి అడిగి ఆవిడ చెవి అలా తయారైంది.

మధ్య గోడ చివరున్న సందులోంచి ఆవిడ వచ్చేసరికి నా కాళ్లు రెండూ బయట, మిగతాదంతా డిక్కీలో. నడుం పట్టుకుని లాగింది. నా నుదుటి మీద ఈ మచ్చ చూశావా, డిక్కీ అంచు కొట్టుకుంది. నేనప్పుడు ఇప్పటికంటే లావు, ఆవిడేమో గట్టిగా గాలేస్తే పడిపోయేలా ఉండేది. ఎలా లాగిందో ఆవిడకే తెలీదు. మందు డబ్బా బోర్లాపడి ఆవిడ చేతులమీద ఒలికింది, మోచేతుల దాకా. అది చర్మం మీద పడితే నిప్పే. అయినా ముందు షట్టరెత్తి, నన్ను ఈడ్చుకెళ్లి వానలో పడుకోబెట్టి, చెంపలు వాయిస్తూ, "పేరు చెప్పు, పేరు చెప్పు" అని అరిచిందట. నా మొహం కడిగింది, నా చేతులు కడిగింది, మేస్త్రి పరిగెత్తుకొచ్చి బకెట్టు నీళ్లు పోసేదాకా తన చేతుల సంగతే చూసుకోలేదు. నాకు తెలివొచ్చేసరికి షెడ్డు మొత్తం నా చుట్టూ ఉంది. ఆవిడ నావంక చూసి, "బిడ్డకి ఆకుపచ్చ అని పేరు పెట్టకయ్యా, పెళ్లి కాదు" అంది. అని అటు తిరిగి ఏడ్చింది. మీ అమ్మ ఆ నెలాఖరుకే పుట్టింది. ఎత్తుకున్నాను. దిండుతో నేర్చుకున్నదేదీ పనికి రాలేదనుకో.

రెండు వారాలు ఆవిడ చేతులకి కట్లు, సూది పట్టలేకపోయింది. డాక్టరుగారి సీట్లు సగంలో ఉన్నాయి. నేను కుడతానన్నాను. ఆవిడ పక్కన స్టూలేసుకుని కూర్చుని, "అది కుట్టా, కోడి నడిచిందా?" అని గంటకోసారి తిట్టేది. తిట్టించుకుంటూ కుట్టాను. జీవితంలో నేను అంత సంతోషంగా చేసిన పని ఇంకోటి లేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపైన, కొత్తవాడు ఎవడొచ్చినా ముందు నన్ను చూపించేది, "పేరడిగితే రంగు చెప్పిన పెద్దమనిషి ఈయనే" అని. చెప్పనీ, హాయిగా చెప్పనీ అనుకునేవాణ్ణి. ఒకటి మాత్రం లోటుండిపోయింది. నీవల్ల బతికానక్కా అని తిన్నగా ఒక్కసారీ అనలేదు. ఇంత వాగేవాణ్ణి, ఆ ఒక్కమాట దగ్గరికొచ్చేసరికి నోరు పెగిలేది కాదు.

చివర్లో వాళ్ల చెల్లెలింట్లో ఉండేది. ఊపిరితిత్తులు పాడైపోయాయి. పని అయ్యాక రోజూ వెళ్లి కూర్చునేవాణ్ణి. ఒకరోజు మీ అమ్మని కూడా తీసుకెళ్లాను, కొత్తగా ఉద్యోగం వచ్చింది కదా, చూపిద్దామని. మంచం పక్కన కూర్చుని, కూడదీసుకుని, ఆ మాట అనేశాను. "అక్కా, దీనికి తండ్రి ఉన్నాడంటే నీవల్లే" అన్నాను. కళ్లు తెరిచి మీ అమ్మని చాలాసేపు చూసింది. చెయ్యి పట్టుకుంది. తర్వాత నాకేసి తిరిగి, "సరేలే, ఆ కిటికీ తెరిచి, ఇంకేమైనా చెప్పు" అంది. తెరిచాను. చెప్పడం మొదలుపెట్టాను. కొత్త మేస్త్రి సంగతి, మీ అమ్మ ఆఫీసు సంగతి, బస్సు ఆలస్యమైన సంగతి, ఏది నోటికొస్తే అది. ఆవిడ కళ్లు మూసుకుని ఊ అంటోంది. తర్వాత ఊ అనడం తగ్గింది. తర్వాత లేదు. నాకు తెలిసింది, తెలియక కాదు. అయినా ఆపలేదు. ఆవిణ్ణి చప్పుడు లేని గదిలో వదిలిపెట్టబుద్ధి కాలేదమ్మా. ఎంతసేపు మాట్లాడానో. చివరికి మీ అమ్మే నా భుజంమీద చెయ్యేసి, "నాన్నా, ఇంక చాలు నాన్నా" అంది.

ఏమ్మా? ఊ అనవేం. ఏయ్, వినపడుతోందా, పలుకు. అయ్యో, ఏడుస్తున్నావా. ఆగాగు, ఆ చేతొడుగులతో కళ్లు తుడుచుకోకు. ముందు బయటికి రా. ఇలా రా, నేను తుడుస్తాను.