ముందు నిన్నటి సంగతి అడిగే సువర్ణ గారు

1989 జూన్ 12న శ్రీమతి సువర్ణ గారు ఐనవిల్లి నుంచి సైకిలు మీద వచ్చి, కొత్తపేట కరుణాలయ ఆసుపత్రిలో నర్సుగా చేరారు. పదేళ్లు ప్రసూతి వార్డులోను, పదిహేనేళ్లు అత్యవసర విభాగంలోను సేవలందించి, 2014లో హెడ్ నర్సు బాధ్యతలు స్వీకరించారు. ఇన్నేళ్లలో ఆవిడను మెచ్చుకున్నవారి కన్నా విసుక్కున్నవారే ఎక్కువ. వారిలో డాక్టర్లు ముందుంటారు.

రోగి రాగానే అందరూ రక్తపోటు చూస్తారు. సువర్ణ గారు ముందు, రోగి నిన్న ఏం చేశారో తోడు వచ్చినవారిని అడిగి, కేసు షీటు మొదటి వరుసలో రాసేవారు. అది అనవసరమని మూడు సర్క్యులర్లు వచ్చాయి. మూడింటి మీదా సంతకం చేసి, మళ్లీ అలాగే రాశారు.

రెండేళ్ల క్రితం మధుబాబు గారు తన అక్క కుసుమ గారిని తీసుకొచ్చారు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన ఆమెకు అప్పటికి నలభై ఏడేళ్లు. ఉదయం నుంచి మాట లేదు, కుడిచెయ్యి వాలిపోతోంది. ఊళ్లో ఎవరో పక్షవాతమని చెప్పి, రక్తం పలచబడే మాత్రలిచ్చారు. ఇంకా వేయలేదు.

"బీపీ బాగానే ఉంది సిస్టర్. ఇలాంటివాళ్లు మొండికేస్తారు. పుట్టుకతోనే అంతే కదా. ఆ మాత్ర వేసి పంపేయండి," అన్నారు డ్యూటీ డాక్టరు.

సువర్ణ గారికి ఒళ్లు మండింది. "మధుబాబు గారూ, అక్కగారు నిన్న ఏం చేసేరండీ?"

"కొబ్బరి ఈనెలు చీరి రెండు చీపుర్లు కట్టిందండీ. నాకు కట్టడం రాదని తిట్టింది కూడానండి."

"విన్నారా డాక్టరు గారూ? నిన్న చీపురు కట్టిన చెయ్యి, పుట్టుకతోనే పడిపోయిందంటారా? తలకి స్కాన్ తీయించండి."

"అమలాపురం పంపి స్కాన్ తీయిస్తే, ఏమీ లేదంటే?" అన్నారు డాక్టరు.

"లేదంటే నన్ను తిట్టండి, ఆయ్! అందాకా ఆ మాత్ర నోట్లో పడకూడదు."

స్కాన్‌లో మెదడులో రక్తస్రావం కనిపించింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి వయసు పెరిగేకొద్దీ మెదడు రక్తనాళాల గోడల్లో ఒక రకం మాంసకృత్తు పేరుకొని, అవి పెళుసుబారవచ్చు. రక్తపోటు మామూలుగా ఉన్నా చిట్లవచ్చు. ఆ మాత్ర పడి ఉంటే రక్తస్రావం ఇంకా పెరిగేది. కుసుమ గారు బతికారు. చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. వాదనలో పోయిన నలభై నిమిషాలను సువర్ణ గారు క్షమించలేదు. క్షమించవలసిన అవసరమూ లేదు.

ఇప్పుడు పదవీ విరమణ సన్మానానికి ఏం కావాలని ఆసుపత్రివారు అడిగితే, "శాలువా వద్దండీ. కొత్త డాక్టర్లనీ నర్సులనీ ఒక్క పూట కుసుమ గారింటికి పంపండి, ఆవిడతో కూర్చుని మాట్లాడతారు," అన్నారు. శాలువా కొన్నారు. ఎవరినీ పంపలేదు.

సువర్ణ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, కుటుంబ సభ్యుల నడుమ నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. నోరు తెరిచి చెప్పుకోలేని రోగి తరఫున పోట్లాడేవారు ఇక్కడ ఇంకా తయారు కాలేదు గనుక, అప్పుడప్పుడు వచ్చి మమ్మల్ని నిలదీసే ఓపిక కూడా ఆవిడకు ఉండాలి.