ప్రభ లైట్ల కోడు

శివరాత్రి తిరునాళ్లకి కోటప్పకొండకు ఊరి ప్రభ కదిలే ముందు ఆడవాళ్లు ఆనవాయితీగా దాని ముందు బిందెలతో వారుపోసిన నీళ్లు, లైట్లు ఆడించే ల్యాప్‌టాప్ మీద పడ్డాయి. కోడు రాసిన అన్న కూతురి వైపు బాబాయి బిక్కమొహంతో చూశాడు.

"రాసిందంతా పోయినట్టేనా అమ్మాయ్?"

"పోలేదు బాబాయ్. నిన్ననే ఒక్క కమాండ్ కొట్టి, ఆన్‌లైన్‌లో కోడు దాచుకునే రిపో ఒకటి తెరిచి, కోడంతా అందులోకి ఎక్కించా. నీ ల్యాప్‌టాప్ ఇటియ్యి, దించుకుంటా."

"చానా మంచిపని చేశావే! అవునూ, ఆన్‌లైనంటే పక్కూరి ప్రభోళ్లకి కూడా కనపడిద్దా ఏంది?"

"కమాండ్‌లోనే ప్రైవేట్ అని కొట్టాగా. నాకు తప్ప ఎవరికీ కనపడదు."

బాబాయి గుండె కుదుటపడింది.

"అంత జాగ్రత్త ఎట్టా తోచిందే నీకు?"

"పక్కూరోళ్లు ఆ మాట కొట్టడం మర్చిపోయారు. మొన్న వాళ్లదంతా చూశా."

బాబాయి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎట్టుంది?"

"మనదే బాగుంది, భయపడమాక."