మెడల్ వచ్చిన పటం

తెల్లారితే అత్తగారి సంవత్సరీకం. మార్కాపురం బజారులో దుకాణం వెనక ఇంట్లో, చిత్రకారుడు దశరథరామయ్య భార్య భ్రమరాంబ, మద్రాసు నుంచి ఆ పొద్దే తిరిగొచ్చిన పటాల పెట్టె విప్పి, ఒక పటాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గొంతు పైకి లేవనివ్వకుండా మొగుణ్ని అడిగింది.

“ఈ ఆకు ఎవరిది?”

“ఏ ఆకు?”

“ఇదే. దసరా ఎగ్జిబిషన్లో దొర చేతుల మీదగా మెడల్ వచ్చిందన్నారే, ఆ పటం. సగం తిని లేచిపోయిన ఈ ఆకు.”

“ఎవరిదో. హోటల్లో ఎవరో తిని లేచిపోతే, బాగుందని గీసినా. దుమ్ము దులపమంటే విచారణ మొదలుపెట్టినావేందే? అది అట్ల పెట్టి ఇట్ల రా. రేపటి వంట సంగతి చూడాల. నలుగురూ వస్తారు, చప్పిడిగానే కానీ.”

“ఈ ముద్ద గోంగూర పచ్చడే కదా?”

“అయ్యుండొచ్చు.”

“అయ్యుండొచ్చా? గీసిన మీకు తెలీదా? నూనె తేలి మెరుస్తాంది. చూస్తాంటేనే నోట్లో నీళ్ళూరుతుండాయి. నేను ఉప్పుకల్లు నాలిక మీద పెట్టి మూడేండ్లాయె.”

“ఒంటికి మంచిదనే గదా మానిపించింది! పచ్చి కూరలు, మొలకెత్తిన పెసలు, చప్పిడి సంకటి... మద్రాసులో ఎంతెంత పెద్దవాళ్ళు నన్నడిగి తెలుసుకుంటారో నీకేం తెలుసు? పటాలు చూసేదానికొచ్చి, నా తిండి గురించే అడుగుతారు.”

“ఒంటి మాట తర్వాత. అప్పుడు మీరు చెప్పింది చెయ్యి మాట. ఉప్పూ కారం తింటే చెయ్యి వణుకుతాది, గీత వంకర పోతాది అన్నారు. ఇంట్లో వాసన తగిలినా మనసు ఆగదన్నారు. ఊరగాయ జాడీలన్నీ బండికెక్కించి పెద్దారవీడులో చుట్టాలింటికి పంపించేసినారు. ఈ గడప లోపల ఎవరికీ ఉప్పూ కారం పెట్టనని దీపం ముందర నాతో ఒట్టేయించుకున్నారు.”

“ఇప్పుడదంతా ఎందుకు?”

“ఆకు అంచు చూడండి.”

“చూసేదేంది, నేనే గదా గీసింది.”

“ఎండు మిరపకాయ తొడిమలు. ఒకదాని పక్కన ఒకటి, తోకలన్నీ ఒకే పక్కకు తిప్పి. పెండ్లయిన కాడ్నించీ మీ ఆకు తీసింది నేను. ఇట్ల పేర్చేవాడు మద్రాసులో ఇంకొకడున్నాడా?”

“ఆ పటం ఇట్లియ్యి, పెట్టెలో పెడతా.”

“ఇయ్యను. అడిగిందానికి చెప్పండి.”

“సరే, తిన్నా. ఒక్కసారి. అమ్మ పోయినాక, ఆ దిగులుతో నోటికేదీ సయించక... దసరాకి పోయినప్పుడు. ఒకే ఒక్క పూట, నీ మీదొట్టు. చెప్తే బాధపడ్తావని చెప్పలేదు.”

“దసరాకి?”

“దసరాకే.”

“అత్తమ్మ పోయినాక?”

“ఎన్నిసార్లు చెప్పాల? పోయినాకే.”

“మరి ఆకు పక్కన ఈ ముంజలేంది?”

“ముంజలా? అది... ఆ మూల తెల్లగా ఏదో ఒకటి ఉంటే బాగుంటాదని... ఊరికే, తలుచుకొని గీసినా.”

“మీరా? తలుచుకొనా? ఒక్క వంకాయ గీసేదానికి పొద్దు గూకేదాకా దాన్ని నా చేతికిచ్చి కదలకుండా కూర్చోబెట్టినారు. కండ్ల ముందర లేనిది గీస్తే అబద్ధం, నా కుంచె అబద్ధం ఆడదని ఊరంతా చెప్పుకున్నారు. నిజమే. మీ కుంచె ఆడలేదు. దసరాకి ముంజలు ఎక్కడ దొరుకుతాయండీ?”

“భ్రమరా...”

“ఇది ఎండాకాలం ఆకు. నిరుడు ఎండాకాలం. అత్తమ్మ ఈ వసారాలోనే మంచంలో ఉండింది.”

“మెల్లగా. పక్కింటోళ్ళు వింటారు.”

“విననీ! ఆ పక్కింటి శ్రీశైలమ్మే గదా, కొంగు చాటున గోంగూర పచ్చడి తెచ్చింది. ముసలామె అంతగా అడుగుతాంది, నాలిక్కి ఇంత రాయవే తల్లీ అని బతిమాలింది. గుమ్మంలోనే తిప్పి పంపించినా. మీ గీత వంకర పోతాదని!”

“అమ్మ పోతాదని నాకు తెలుసా? తెలిసుంటే నేనే పెట్టమని...”

“నిరుడు తొలి ఏకాదశికి ముందు మీరు రైలు దిగి నేరుగా ఆమె మంచం కాడికే వచ్చినారు. గుర్తుందా? మీ చెయ్యి పట్టుకొని వదల్లేదు.”

“గుర్తుంది. చెయ్యి మొగానికి ఆనించుకొని ముద్దు పెట్టుకునింది. అదొక్కటే నాకు మిగిలింది భ్రమరా. దాన్ని కూడా పాడు చెయ్యొద్దు.”

“ఆ పొద్దు రైల్లో ఏం తిన్నారు?”

“ఇప్పుడెందుకది?”

“ఏం తిన్నారు?”

“హోటలాయన పొట్లం కట్టిచ్చినాడు. పచ్చడన్నం. మార్కాపురం రోడ్డు స్టేషను వస్తుండంగా తిన్నా. చెయ్యి కడుక్కున్నాలేవే, బాగా రుద్ది కడుక్కున్నా.”

“ఆమె ముద్దు పెట్టుకోలేదండీ. వాసన చూసింది. మీరు స్నానానికి పోయినాక నా కొంగు పట్టుకొని, ‘వాడి చేతికి గోంగూర వాసనొస్తాంది, నాకూ ఇంత పెట్టవే’ అని ఏడ్చింది. మతి తప్పిందని కసిరినా. ఆమె మళ్ళీ అడగలేదు.”

“అయ్యో, అమ్మా...”

“మీ అబద్ధం ఆమెకు తెలీనే లేదు. నేను మొగుడికి పెట్టుకొని తనకి దాచినాననుకుంటానే పోయింది.”