బాష్‌ముహందిస్ గారి దుబాసీ

ఎజ్బెత్ ఎల్ బొర్గ్ రేవులో తుఫాను హెచ్చరికలు చదివే మైకు ఒకటుంది. దాని వెనకున్న కంప్యూటరు ముసలిదైపోయింది, రేపు కొత్తది పెట్టాలి. ఆ పని ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోడానికి పడవల పెద్ద రయ్యిస్ దెస్సూకీ వచ్చి, అతియ్యాత్ నడిపే కాఫీ కొట్లో కూర్చున్నాడు. కొట్టు యజమానురాలు కనక ఆమెని అంతా 'మువల్లిమా' అంటారు. రయ్యిస్ కొడుకులిద్దరూ ఒకే పడవలో వేటకెళతారు. ఎదురుగా వగ్దీ. పెద్ద ఇంజినీరని ఊరంతా అతన్ని 'బాష్‌ముహందిస్' అని పిలుస్తుంది.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు రయ్యిస్. దమియెట్టాలో 'సముద్ర నక్షత్రం' బస్సుల వాళ్ల మైకుంది చూడండి, ఏ బస్సు ఏ ఊరికో చదివేది, దాని కంప్యూటరు మార్చింది నేనే. చిన్న పని. టీ చల్లారేలోపు అయిపోయింది."

"ఏఁ?" అన్నాడు పక్క బల్ల దగ్గర పాచికలు గలగలలాడిస్తున్న ఉస్తా షెహాతా. చేపల లారీ డ్రైవరుగా అందరికీ తెలిసినవాడు.

"టీ అన్నాను ఉస్తా, టీ! ఇంజను మోతకి చెవులు పోయాయా? వినండి రయ్యిస్. యంత్రానికి మన మాట రాదు, మనకి దాని మాట రాదు. మధ్యలో దుబాసీ ఒకడుంటాడు. వాడి పేరే షెల్. మనం చీటీ రాసిస్తాం, వాడు చదివి యంత్రానికి చెబుతాడు. వాడు కూర్చునే గుమ్మం పేరు 'ష్'."

"నోర్మూసుకోమనా?" అంది అతియ్యాత్.

"ప్రజల నోళ్లు మూయించే రోజులు పోయాయి మువల్లిమా! గుమ్మం ఒకటే గానీ లోపల కూర్చునేవాళ్లు వేరు. పాత కంప్యూటర్లో బాష్ అనేవాడు. ఉదారుడు. మనం ఒక బ్రాకెట్టు బదులు రెండు పెట్టినా సర్దుకుపోతాడు. కొత్తదాంట్లో డాష్ అని ఇంకొకడు. చురుకైనవాడే గానీ పుస్తకంలో లేని మాట ఒప్పుకోడు. బాష్‌కి రాసిన చీటీ వాడి చేతిలో పెడితే 'ఇదేం భాష' అంటాడు. గుమ్మం మీద పేరు మారలేదు కనక లోపల మనిషి మారాడని ఎవడికీ తెలీదు. లోకమంతా జరిగే మోసం ఇదే కదా! బోర్డు అదే, ఏలేవాడు వేరు!"

"ఏఁ?" అన్నాడు షెహాతా.

"మోసం, ఉస్తా, మోసం! ఆ బస్టాండులో పాత చీటీలు వేలకి వేలు. ఒక్కటీ చదవనని డాష్ మొండికేశాడు. బస్సులు నిలిచిపోయాయి, మేనేజరు నా కాళ్లు పట్టుకున్నాడు. నేను కీబోర్డు ముట్టుకున్నానా? లేదు. కుర్చీ ఎక్కి నుంచుని ఒకే ఒక్క ఉపన్యాసం. 'డాషూ! దున్నేవాడిదే నేల, మీట నొక్కేవాడిదే యంత్రం! నువ్వు ఎవరి పక్షం?' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సిగ్గుపడ్డాడు! చీటీలన్నీ వాటంతటవే దిద్దుకున్నాయి. ఎక్కువైన బ్రాకెట్లు కింద రాలి మోకాలి లోతు పేరుకుంటే పారలతో ఎత్తి పోశారు. మీ వీధి మలుపులో కొత్త కిటికీ ఊచలు చూడలేదూ మువల్లిమా? అవే."

"అందుకేనా వంకరగా ఉన్నాయి," అంది అతియ్యాత్.

"ఆ కబురు సూయెజ్ కాలువ దాకా పాకింది. అక్కడో ఓడ ఇరుక్కుపోయింది. ముందు సగానికి బాష్, వెనక సగానికి డాష్. ముందు సగం దక్షిణానికి పదమంటుంది, వెనక సగం ఆ మాటే అర్థం కాక ఉత్తరానికి లాగుతుంది. నేను ఒడ్డున నుంచుని ఒక్క సెమీకోలన్ విసిరాను. సరిగ్గా నడిమధ్యన గుచ్చుకుంది. రెండు సగాలూ అతుక్కుని ఓడ కదిలింది!"

"సెమీకోలన్ ఎంతుంటుందేం?" అన్నాడు రయ్యిస్.

"మీ లంగరులో సగం. అసలు ఆ దుబాసీకి బాష్ అన్న పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? మీరంతా నన్ను బాష్‌ముహందిస్ అని కేకేస్తుంటే సముద్రం అవతల దొరలకి వినపడింది. ఎదురుగాలి కొట్టి సగం పేరే చేరింది."

"ఆ దుబాసీ నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నాడని మొన్న నువ్వే అన్నావే?"

"చరిత్ర తన నాయకుడి కోసం ఎదురుచూస్తుంది మువల్లిమా. ఈలోపు పేరు పెట్టి ఉంచుకుంటుంది!"

రయ్యిస్ నవ్వలేదు. గ్లాసు పక్కన పెట్టి అడిగాడు. "అదంతా సరే నాయనా. ఆ బస్టాండు మైకు ఇప్పుడు బాగా చదువుతోందా?"

"కోకిల్లా చదువుతోంది! నా లాప్‌టాప్‌లో చెవులారా విన్నాను."

"బస్టాండులో విన్నావా?"

"దేనికి రయ్యిస్? చీటీ అదే కదా!"

షెహాతా పాచికలు కింద పెట్టి, ముక్కు పట్టుకుని మైకు గొంతుతో అరిచాడు. "ఏఁ? రాస్ ఎల్ బర్! ఏఁ? మన్సూరా! ఏఁ? పోర్ట్ సయీద్!"

కొట్టంతా అటు తిరిగింది.

"లారీ అమ్మేశాను బాష్‌ముహందిస్. ఇప్పుడు సముద్ర నక్షత్రం బస్సే నడుపుతున్నా. నీ కోకిల ప్రతి ఊరి పేరుకీ ముందు 'ఏఁ?' అని గదమాయిస్తోంది. ముసలమ్మలు 'ఏం లేదు బాబూ, మన్సూరాకే' అని మైకుకి సంజాయిషీ చెప్పుకుని మరీ బస్సెక్కుతున్నారు. ఇందాకట్నుంచీ నేను నిన్ను అడగట్లేదు, అది చదివినట్టు చదువుతున్నా!"

నవ్వులతో గ్లాసులు గలగలమన్నాయి.

"అది... అది సైగ," అన్నాడు వగ్దీ. గొంతులో ఉపన్యాసం పోయింది. "చిన్న గీత, పక్కన ఇంగ్లీషు 'ఇ'. పంక్తులు విడగొట్టి చదవమని బాష్‌కి చేసే సైగ. నా లాప్‌టాప్ గుమ్మంలో బాషే ఉన్నాడు. సైగ అర్థం చేసుకుని ఊరుకున్నాడు. డాష్‌కి అది తెలీదు. అదీ చదవాల్సిన మాటే అనుకుని మైకుకి అందించాడు. మైకు నోట ఆ 'ఇ' కాస్తా 'ఏఁ' అయింది."

"అయితే ఇవాళ్టి నుంచి నువ్వు డాష్‌ముహందిస్‌వి!" అంది అతియ్యాత్.

రయ్యిస్ చెయ్యెత్తాడు. నవ్వులు ఆగాయి.

"ఏదో ఒకరోజు గాలి లేస్తుంది. మా మైకు 'ఏఁ? తుఫాను?' అంటుంది. నా కొడుకులు తలెత్తి మబ్బు కేసి చూసి, 'అబ్బే, ఏం లేదు' అని జవాబు చెప్పి ఇంజను తిప్పుతారు."

బయట రేవులో తాడు ఒకటి కిర్రుమంది.

"పని నీకే ఇస్తున్నా," అన్నాడు రయ్యిస్ లేస్తూ. "తప్పు ఎక్కడుందో తెలిసినవాడివి ఇప్పుడు నువ్వొక్కడివే. కానీ నీ లాప్‌టాప్‌లో కాదు. రేవులో, మా కంప్యూటర్లో, మైకు కింద నుంచుని, నేను వింటుండగా చెయ్యి. అది 'బయల్దేరండి' అని చదివాక మొదటి పడవ కదులుతుంది. అందులో ముందు ఎక్కేది నువ్వే."

వగ్దీ నోరు తెరిచాడు. ఓడలు లేవు, ఉపన్యాసాలు లేవు. ఒక్క ముక్కే బయటికొచ్చింది.

"ఏఁ?"