అల్వీనా జడ

మళ్ళీ మొదలెట్టారే అల్వీనా! పాత కాగితాలివ్వండి, చింకిగుడ్డలివ్వండి, సీసాలివ్వండి అంటూ గోడలనిండా పోస్టర్లు. బొమ్మ ఎవరు వేశారంటావా? ఇంకెవరు, నీ మొగుడే. నువ్వు పోయి రెండేళ్ళయింది, నాకు డెబ్భై నిండాయి. అయినా దేశానికి అడుక్కునే పనిపడితే నేనే గుర్తొస్తాను.

కైజరు కాలంలో బంగారం ఇమ్మన్నాను, ఎముకలిమ్మన్నాను. పండు తిని గింజ దాచి ఇమ్మన్నాను. యుద్ధం లేనప్పుడైనా ఊరుకున్నానా? ఓట్లిమ్మన్నాను. గోధుమరంగు చొక్కాల నాజీలొచ్చాక, ఆదివారం మాంసం మానేసి మిగిలిన డబ్బులు వాళ్ళ డబ్బాలో వేయమన్నాను. జెండా మారినప్పుడల్లా నేను మార్చింది మూలనుండే ముద్ర ఒక్కటే. బొమ్మలో ఆడమనిషి మాత్రం ఎప్పుడూ నువ్వే. నవ్వకు, వేరే మొహం వేయడం నాకు చేతకాదు.

సరే సరే, అసలు సంగతికొస్తున్నా.

మొదటి యుద్ధం చివర్లో, 'ఆడవాళ్ళూ, మీ జుట్టివ్వండి' అని వేశాను, గుర్తుందా? జలాంతర్గామి యంత్రాలకి జుట్టుతో పట్టీలు చేస్తారట! నడుం దాటిన నీ జడ చూసే వేశాను. లైప్‌జిగ్ గోడలన్నిటిమీదా అదే. మన వీధి ఆడవాళ్ళంతా కత్తిరించి ఇచ్చేశారు. రొట్టెల వరసలో ఆ కసాయివాడి పెళ్ళాం ఫ్రీదా ఏమంది నిన్ను? "ఏమమ్మా, గోడమీది జడేమో మమ్మల్నిమ్మంటుంది, నీ నెత్తిమీది జడ మాత్రం కదలదేం?" అంది.

ఆ సాయంత్రమే వంటింటి కత్తెరతో తెగ్గోసి నా చేతిలో పెట్టావు. "వెళ్ళి ఇచ్చిరా" అన్నావు. వెళ్ళాను.

ఇక ముప్పై ఏళ్ళూ ఎవరింటికెళ్ళినా ఒకటే మాట! "నా జడ సముద్రంలో పనిచేసింది." జలాంతర్గామి ఊసెత్తితే చాలు, నీ చెయ్యి మెడవెనక్కి పోయేది. నాకేమో కాఫీ గుటక దిగక దగ్గొచ్చేది. బార్లీ కాఫీ తప్పనుకున్నావు, పాపం.

వెళ్ళానన్నాను కదూ? జుట్టు పోగుచేస్తున్న స్కూలు గుమ్మం దాకా వెళ్ళాను. లోపల బల్లమీద జడల గుట్ట, పైన నా పోస్టరు. దాన్ని చూసి ఊరంతా ఇచ్చిందే! నేను మాత్రం నీ జడ కోటులో దాచుకుని వెనక్కొచ్చేశాను. ఊరందరినీ ఇమ్మన్న మగాణ్ణి!

చెబుదామనే అనుకున్నా. నీ మొహంలో ఆ గర్వం చూసి, ఇచ్చేశానన్నాను.

ఇదిగో, తెచ్చాను. సముద్రం చూళ్ళేదే ఇది. రెండో యుద్ధం కూడా నా కుంచెల సొరుగులోనే గడిపింది. కొసకి కాస్త ఎర్రరంగంటింది, తిట్టకు. నీ సమాధి పక్కన తవ్వి పెట్టేద్దామనే వచ్చాను.

ఊహూఁ. ఇప్పుడు కూడా చెయ్యి రావడం లేదే. ఇవ్వడం నాకెప్పుడు చేతనైంది గనక?